‘క్రిష్ 3’లో విలన్ మందుల కంపెనీ ఓనర్.. పటాన్‌చెరు నుంచి చూస్తే ఈ సూపర్ హీరో సీక్వెల్ బలమేంటి? బలహీనతేంటి?

ముందు వైరస్ వదలాలి. జనం పిట్టల్లా రాలిపోవాలి. అప్పుడు విరుగుడు మందు తీసుకొచ్చి అడిగినంత ధరకు అమ్మాలి. ‘క్రిష్ 3’లో విలన్ కాల్ చేసే వ్యాపారం ఇదే. హాలీవుడ్ విలన్లలాగా ప్రపంచాన్ని బూడిద చేస్తా అనడు. మందుల కంపెనీ పెట్టుకుని లాభం చూసుకుంటాడు.

ఈ కథను ముంబైలో చూస్తే ఒకలా ఉంటుంది. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, గడ్డపోతారం, బొంతపల్లి బెల్ట్‌లో చూస్తే ఇంకోలా ఉంటుంది. ఎందుకంటే ఇక్కడ మందు అంటే మెడికల్ షాపులో దొరికే గోళీ మాత్రమే కాదు. నైట్ షిఫ్టులో రియాక్టర్ దగ్గర నిలబడి తీసే బ్యాచ్. ఇంట్లో ఒకరైనా కంపెనీలో చేసినవాళ్లు, చేస్తున్నవాళ్లు ఉంటారు.

‘క్రిష్ 4’ వస్తోందని, ఈసారి హృతిక్ రోషనే డైరెక్ట్ చేస్తున్నాడని 2025 మార్చిలో ప్రకటన వచ్చింది. దీంతో పాత భాగాలను మళ్లీ ఫోన్లలో వెతుక్కుని చూసేవాళ్లు పెరిగారు. మరి మన దేశంలో వచ్చిన సూపర్ హీరో సీక్వెల్స్‌లో పెద్దదైన ‘క్రిష్ 3’ ఎక్కడ నిలబడింది? ఎక్కడ జారింది? అందులో చూపించిన మందు, వైరస్, విరుగుడు ఎంతవరకు నిజం? వివరంగా చూద్దాం.

సినిమా వివరాలు

- విడుదల: 2013 నవంబర్ 1, దీపావళి సీజన్
- భాష: హిందీ. తెలుగు, తమిళ డబ్బింగ్‌లు కూడా వచ్చాయి
- దర్శకుడు, నిర్మాత: రాకేష్ రోషన్
- నటీనటులు: హృతిక్ రోషన్ (తండ్రి రోహిత్, కొడుకు కృష్ణ.. రెండు పాత్రలు), ప్రియాంక చోప్రా, వివేక్ ఒబెరాయ్, కంగనా రనౌత్
- పాటలు: రాజేష్ రోషన్. నేపథ్య సంగీతం: సలీం–సులేమాన్
- మనకు దగ్గర విషయం: షూటింగ్‌లో కొంత భాగం హైదరాబాద్ శివార్లలోని రామోజీ ఫిల్మ్ సిటీలో జరిగింది

ఇంతకీ ‘క్రిష్ 2’ ఎక్కడ?

చాలామందికి వచ్చే డౌట్ ఇది. ‘క్రిష్ 2’ అనే సినిమా లేదు. 2003 ఆగస్టులో వచ్చిన ‘కోయీ మిల్ గయా’ను మొదటి భాగంగా లెక్కేస్తారు. అందులో మానసిక ఎదుగుదల తక్కువగా ఉన్న రోహిత్‌కు, జాదూ అనే గ్రహాంతరవాసి వల్ల శక్తులు వస్తాయి. 2006 జూన్‌లో వచ్చిన ‘క్రిష్’ రెండో భాగం. అందులో రోహిత్ కొడుకు కృష్ణ ముఖానికి మాస్క్ పెట్టుకుని క్రిష్ అవుతాడు. ‘క్రిష్ 3’ మూడోది. అందుకే నేరుగా మూడో నంబర్.

కథ క్లుప్తంగా (చూడనివాళ్లు ఈ భాగం దాటేయొచ్చు)

కృష్ణ, భార్య ప్రియ, తండ్రి రోహిత్ ముంబైలో కలిసి ఉంటారు. ప్రియ టీవీ జర్నలిస్టు. రోహిత్ సైంటిస్టు. చనిపోయిన కణాలకు సూర్యకాంతితో మళ్లీ ప్రాణం పోసే పరికరం మీద పని చేస్తుంటాడు. కృష్ణ ఉద్యోగం ఎక్కడా నిలవదు. మధ్యలో ఎవరినో కాపాడాల్సి వచ్చి మాయమవుతాడు, ఓనర్ తీసేస్తాడు.

మరోవైపు కాల్. తల, వేళ్లు తప్ప శరీరం కదలదు. కానీ మనసుతోనే వస్తువులను కదిలించగలడు. తన వైకల్యానికి మందు వెతికే ప్రయత్నంలో మనిషి, జంతువు కలిసిన ‘మాన్వర్’లను పుట్టిస్తాడు. వాళ్లలో రూపం మార్చగలిగే అమ్మాయి కాయా. పరిశోధనకు డబ్బు కావాలి కాబట్టి నమీబియాలో వైరస్ వదిలి, విరుగుడు అమ్ముతాడు. తర్వాత అదే ముంబైలో.

వైరస్ కృష్ణ కుటుంబాన్ని ఏమీ చేయదు. కృష్ణ రక్తం నుంచి రోహిత్ విరుగుడు తయారుచేస్తాడు. తన శరీరం నుంచి తప్ప రాని మందు వీళ్లకెలా వచ్చిందని కాల్ వెతుక్కుంటూ వస్తాడు. తీరా చూస్తే కాల్ కూడా రోహిత్ డీఎన్ఏతో పుట్టినవాడే. పోరాటంలో క్రిష్ ప్రాణం పోతుంది. రోహిత్ తన పరికరంతో కొడుకును బతికించి తాను చనిపోతాడు. చివరికి క్రిష్ గెలుస్తాడు.

బలాలు

1. విలన్‌కు ఒక వ్యాపారం ఉంది

సూపర్ హీరో సినిమాల్లో విలన్ ఎందుకు చెడ్డవాడో చాలాసార్లు అర్థం కాదు. ఇక్కడ ఫుల్ క్లారిటీ ఉంది. రోగం, మందు రెండూ ఒక్కడి చేతిలోనే ఉంటే ధర ఎవరు చెప్తారు? వాడే. రోహిత్‌కు అనుమానం వచ్చే విధానం కూడా బాగుంటుంది. ఇంత కొత్త రోగానికి ఇంత తొందరగా మందు ఎలా దొరికింది? అంటే మందు చేసినవాడికి రోగం ముందే తెలుసన్నమాట. చిన్నపిల్లాడికి కూడా అర్థమయ్యే లాజిక్ ఇది.

వైరస్ వదిలే కంపెనీ అనేది కల్పన. కానీ మందు ఎవరి చేతిలో ఉంది, ధర ఎవరు నిర్ణయిస్తారు అనే ప్రశ్న కల్పన కాదు. ఈ సినిమా రావడానికి ఏడాది ముందు, 2012 మార్చిలో, కాలేయ, కిడ్నీ క్యాన్సర్‌కు వాడే నెక్సావర్ మందు విషయంలో దేశంలోనే మొదటి కంపల్సరీ లైసెన్స్ ఇచ్చారు. పేటెంట్ బేయర్ కంపెనీది. నెల మందుకు సుమారు 2 లక్షల 80 వేల రూపాయలు అయ్యేది. అదే మందును తయారుచేసి నెలకు 8,880 రూపాయలకు మించకుండా అమ్మడానికి లైసెన్స్ దక్కింది ఎవరికో తెలుసా? హైదరాబాద్ కంపెనీ నాట్కోకు.

సినిమా వచ్చిన ఏడాదే, 2013 ఏప్రిల్ 1న, బ్లడ్ క్యాన్సర్ మందు గ్లివెక్ మీద నోవార్టిస్ అడిగిన పేటెంట్‌ను సుప్రీంకోర్టు తిరస్కరించింది. ఉన్న మందులో చిన్న మార్పు చేసి మళ్లీ పేటెంట్ అడిగితే ఇవ్వలేమన్నది ఆ తీర్పు సారాంశం. అంటే ‘క్రిష్ 3’ స్క్రీన్ మీద గుద్దులాటగా చూపించిన గొడవ, అదే టైమ్‌లో బయట కోర్టుల్లో నడుస్తోంది.

2. మొదట్లో చూపించింది చివర్లో పనికొస్తుంది

రోహిత్ పరికరం సీన్ గుర్తు చేసుకోండి. ఎండిపోయిన మొక్కకు సూర్యకాంతి తగలగానే పచ్చగా అవుతుంది. మరుక్షణం శక్తి ఎక్కువై పేలిపోతుంది. ఎక్కువైన శక్తిని ఆపే ఫిల్టర్ ఇంకా దొరకలేదని రోహిత్ బాధపడతాడు. అప్పుడు అదొక సైన్స్ ముచ్చటలా అనిపిస్తుంది. క్లైమాక్స్‌లో కొడుకు శవం ముందు నిలబడిన తండ్రికి ఆ ఫిల్టర్ దొరుకుతుంది. తన శరీరమే. ఈ ఒక్క ముడి చాలా పకడ్బందీగా వేశారు. గ్రాఫిక్స్ పాతబడినా ఈ సీన్ పాతబడలేదు.

3. తండ్రి పాత్ర

చాలా సీక్వెల్స్‌లో పాత హీరో ఒక సీన్‌లో వచ్చి చేయి ఊపి వెళ్లిపోతాడు. ఇక్కడ రోహిత్ పూర్తి పాత్ర. మాట తడబడుతుంది, నడక వంగి ఉంటుంది, తెలివి మాత్రం పదును. హృతిక్ రెండు పాత్రలకు గొంతు, నడక, చూపు మూడూ మార్చి చేశాడు. పదేళ్ల క్రితం మొదటి సినిమాలో చూసిన రోహిత్‌ను మనతోపాటే వయసు పెరిగినవాడిగా చూపించడం ఈ సిరీస్‌కు దొరికిన అదృష్టం.

4. కాయా

సినిమాలో నిజంగా మారే పాత్ర ఇదొక్కటే. ప్రియ రూపంలో ఆ ఇంట్లోకి మోసం చేయడానికే వస్తుంది. వచ్చాక ఇల్లు అంటే ఏంటో, ఒక మనిషి ప్రేమగా చూసుకుంటే ఎలా ఉంటుందో మొదటిసారి తెలుస్తుంది. పుట్టించినవాడి మాట వినాలా, తనకు నచ్చింది చేయాలా అనే సంఘర్షణ కంగనా కళ్లలో కనిపిస్తుంది. హీరో కంటే కాయా కోసమే రెండో సగం నిలబడిందంటే తప్పులేదు.

5. ‘ఎవరైనా క్రిష్ కావచ్చు’ అనే మాట

ఎదుటివాడి కష్టం చూసి ఆగేవాడు, చేయి అందించేవాడు ఎవరైనా క్రిష్ లాంటివాడే అని సినిమా చెప్తుంది. పిల్లలకు బాగా ఎక్కిన మాట ఇది. తొలి రోజుల్లో థియేటర్లు పిల్లలతో నిండడానికి ఇదీ ఒక కారణం. 2013లో ఎక్కువ వసూళ్లు చేసిన హిందీ సినిమాల్లో ‘క్రిష్ 3’ ఒకటి. అయితే ఈ మంచి మాటను సినిమా తన కథలోనే ఎంతవరకు నిలబెట్టుకుంది? అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది.

బలహీనతలు

1. అన్నీ ఒకే రక్తంలో

రోగం తగ్గేది హీరో రక్తంతో. విలన్ పుట్టింది హీరో తండ్రి డీఎన్ఏతో. విలన్‌కు కావాల్సింది ఆ తండ్రి ఎముక మజ్జ. చివర్లో పుట్టే పసివాడికీ శక్తులు. ఎవరైనా క్రిష్ కావచ్చని నోటితో చెప్పిన సినిమా, కథలో మాత్రం ఒక్క కుటుంబం తప్ప ఎవరూ ఏమీ చేయలేరని చూపిస్తుంది. ముంబైలో ఇన్ని ఆసుపత్రులు, ఇన్ని ల్యాబులు ఉన్నాయి. డాక్టర్లు, నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు ఏం చేస్తున్నారు? కనిపించరు.

ఇక్కడ సైన్స్ సంగతి కూడా చూద్దాం. ఒకరి రక్తం నుంచి ఇంకొకరికి మందు అనేది పూర్తిగా ఉత్తమాట కాదు. పాము కాటు మందు అలాగే వస్తుంది. గుర్రాలకు కొద్దికొద్దిగా విషం ఎక్కించి, వాటి రక్తంలో తయారైన యాంటీబాడీలను తీస్తారు. కొవిడ్ టైమ్‌లో కోలుకున్నవాళ్ల ప్లాస్మా కోసం జనం ఫోన్లు పట్టుకుని తిరిగింది మనందరికీ గుర్తే. తీరా ఐసీఎంఆర్ ట్రయల్‌లో ప్లాస్మాతో పెద్దగా ఉపయోగం లేదని తేలింది. 2021 మేలో దాన్ని చికిత్స జాబితా నుంచి తీసేశారు.

అంటే ఆలోచన నిజమే అయినా, పని చేస్తుందో లేదో పరీక్షించి చూడాలి. పని చేసినా ఒక్క మనిషి రక్తం నగరానికి సరిపోదు. లక్షల డోసులు కావాలంటే ఫ్యాక్టరీ కావాలి. సినిమా దాటేసింది ఆ ఫ్యాక్టరీనే.

2. మందు ఎలా తయారవుతుందో ఒక్క షాట్ లేదు

సినిమాలో ఒక ల్యాబ్, ఒక రాత్రి, ఒక సీసా. విరుగుడు రెడీ. బల్క్ డ్రగ్ కంపెనీలో ఒక్క నెల చేసిన కుర్రాడిని అడగండి.. నవ్వేస్తాడు. ముడి రసాయనాలు రియాక్టర్‌లోకి వెళ్లాలి. టెంపరేచర్, ప్రెజర్ గంట గంటకూ రాసుకోవాలి. స్ఫటికాలు కట్టాలి. సెంట్రిఫ్యూజ్‌లో ద్రవం పోవాలి. డ్రయ్యర్‌లో ఆరాలి. జల్లెడ పట్టాలి. శాంపిల్ క్యూసీకి వెళ్లాలి. రిపోర్ట్ బాగుంటే క్యూఏ వాళ్లు సంతకం పెట్టాలి. అప్పుడు డ్రమ్ము బయటికి కదులుతుంది. ఆ డ్రమ్ములో ఉండేది ఇంకా గోళీ కాదు.. గోళీలో పని చేసే అసలు పొడి. దాన్నే ఏపీఐ అంటారు.

హైదరాబాద్‌కు ఈ పని నేర్పింది 1961లో మొదలైన ప్రభుత్వ సంస్థ ఐడీపీఎల్. బాలానగర్‌లో ఆ ప్లాంట్ నడిచిన రోజుల్లో పని నేర్చుకున్న కెమిస్టులు బయటికొచ్చి సొంత కంపెనీలు పెట్టారు. ఆ కంపెనీలు జీడిమెట్ల, బొల్లారం, పటాన్‌చెరు వైపు విస్తరించాయి. డాక్టర్ రెడ్డీస్ స్థాపించిన కల్లం అంజిరెడ్డి కూడా ఐడీపీఎల్‌లో పని చేసినవారే.

ఇదంతా సినిమాలో పెట్టమని కాదు. కానీ మందుల కంపెనీ మీద కథ రాసి, అందులో పని చేసే ఒక్క మనిషి ముఖం కూడా చూపించకపోవడం పెద్ద లోటు. కాల్ డెన్‌లో గాజు గొట్టాలు, మాన్వర్లు, నీలి లైట్లు ఉంటాయి. కార్మికుడు ఉండడు. ‘ఈ వైరస్ మనమే తయారు చేస్తున్నాం’ అని తెలిసిన ఒక కెమిస్టు భయపడి బయటికి చెప్పి ఉంటే? కథ అక్కడే రెండింతలు బలపడేది.

3. ముప్పు మొత్తం ఒక్క ముఖంలో

పటాన్‌చెరు నుంచి చూసేవాళ్లకు బాగా తెలిసే తేడా ఇది. సినిమాలో వైరస్ వెనక ఒక కాల్ ఉన్నాడు. వాడిని ఓడిస్తే సమస్య అయిపోతుంది. బయట అలా ఉండదు.

2007లో స్వీడన్ పరిశోధకుడు జోకిమ్ లార్సన్ బృందం ఒక అధ్యయనం ప్రచురించింది. పటాన్‌చెరు దగ్గర సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థజలాన్ని శుద్ధి చేసే ఉమ్మడి ప్లాంట్ నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించారు. సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు కనిపించింది. మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే ఎక్కువ ఇది. శుద్ధి చేశాక వచ్చిన నీటి లెక్క ఇది. ప్రపంచమంతా మాట్లాడుకున్న స్టడీ.

యాంటీబయాటిక్ అలా నీళ్లలో నిలిస్తే బ్యాక్టీరియా దానికి అలవాటు పడుతుంది. మందుకు లొంగని క్రిములు పుడతాయి. రేపు మన పిల్లాడికి జ్వరమొస్తే అదే గోళీ పని చేయకపోవచ్చు. ఇక్కడ ఎవరూ కుట్ర చేయలేదు. రోగాన్ని తగ్గించడానికి చేసిన మందే, వ్యర్థంగా వాగులో కలిసి ఇంకో రోగానికి దారి వేసింది. ఇందులో తయారుచేసినవాళ్లు, తక్కువ ధరకు కొన్న విదేశీ కంపెనీలు, చూడాల్సిన అధికారులు, డాక్టర్ రాయకుండానే యాంటీబయాటిక్ కొనుక్కునే మనం.. అందరికీ ఎంతో కొంత వాటా ఉంది. నక్కవాగు పరిసర గ్రామాల రైతులు నీళ్లు, పొలాలు పాడయ్యాయని ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు. ఆ తర్వాత నిబంధనలు బిగిశాయి. చాలా పెద్ద యూనిట్లు బయటికి నీళ్లు వదలని జీరో లిక్విడ్ డిశ్చార్జ్ పద్ధతికి మారాయి.

ఇలాంటి ముప్పును గుద్ది పడగొట్టలేం. మందుల వ్యాపారం మీద మంచి ప్రశ్న వేసిన ‘క్రిష్ 3’, జవాబును మాత్రం ఫైట్ సీన్‌కు అప్పగించేసింది.

4. కాపాడటం అంత తేలికా?

మొదట్లో ముందు చక్రం ఇరుక్కుపోయిన విమానాన్ని క్రిష్ దించే సీన్ థియేటర్‌లో ఈలలు వేయించింది. తీసిన విధానం బాగుంది, తప్పు పట్టలేం. కానీ సినిమా మొత్తం రెస్క్యూ అంటే నిమిషాల పని. పడేవాళ్లు పడకముందే పట్టుకుంటాడు.

2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచి ఇండస్ట్రీస్‌లో పేలుడు జరిగింది. గోళీ గట్టిగా నిలబడటానికి కలిపే సెల్యులోజ్ పొడి తయారయ్యే యూనిట్ అది. 40 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో చాలామంది బిహార్, యూపీ, ఒడిశా లాంటి చోట్ల నుంచి పని కోసం వచ్చినవాళ్లు. శిథిలాల తొలగింపు రోజుల తరబడి సాగింది. గుర్తుపట్టలేని స్థితిలో ఉన్న మృతదేహాలకు డీఎన్ఏ పరీక్షలు చేయాల్సి వచ్చింది. కుటుంబాలు గేటు దగ్గర, ఆసుపత్రి దగ్గర ఎదురుచూశాయి.

సినిమాలో డీఎన్ఏ అంటే హీరోకు దక్కిన వరం. ఇక్కడ డీఎన్ఏ అంటే, మా అబ్బాయేనా అని తేల్చుకోవడానికి ఒక తండ్రి ఇచ్చిన శాంపిల్. ఒక దీపావళి సినిమా ఈ బరువు మోయాలని అడగడం న్యాయం కాదు. కానీ ప్రమాదం జరిగాక వచ్చే హీరో కథలు మనకు చాలా ఉన్నాయి. ప్రమాదం జరగకుండా డ్రయ్యర్ టెంపరేచర్ చూసి, ‘సార్, ఆపుదాం’ అనే మనిషి కథ ఒక్కటీ లేదు. సూపర్ హీరో సినిమా రాసేవాళ్లు ఆలోచించాల్సిన పాయింట్ ఇది.

5. ఎక్కడో చూసినట్టుండే సీన్లు

లోహపు ముక్కలన్నీ శరీరానికి చుట్టుకునే కాల్‌ను చూడగానే ‘ఎక్స్‌మెన్’లో మాగ్నీటో గుర్తొస్తాడు. రూపం మార్చే కాయాను చూస్తే మిస్టిక్. క్లైమాక్స్‌లో భవనాల మధ్య ఎగురుతూ కొట్టుకోవడం ‘సూపర్‌మ్యాన్’ను తలపిస్తుంది. విడుదలైనప్పుడు ఎక్కువగా వినిపించిన విమర్శ ఇదే. అప్పటికే మన పిల్లలు ఆ సినిమాలన్నీ డబ్బింగ్‌లో చూసేసి ఉన్నారు. దాచినా దాగదు.

6. పాటలు, ప్రకటనలు, ప్రియ

సినిమా నిడివి సుమారు రెండున్నర గంటలు. వైరస్ టెన్షన్ పెరుగుతున్నప్పుడు పాట వచ్చి గాలి తీసేస్తుంది. రాజేష్ రోషన్ ట్యూన్లు ముందు రెండు భాగాలంత నిలవలేదు. కథ మధ్యలో బ్రాండ్ల ప్రకటనలు కూడా కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి.

ఇక ప్రియ. టీవీ జర్నలిస్టు అని చూపించారు. వైరస్ వెనక ఏ కంపెనీ ఉందో తవ్వి తీయాల్సిన పాత్ర ఇది. కానీ సగం సినిమా ఆమె బందీగానే ఉంటుంది. చేతిలో మైకు ఉన్న మనిషికి కథ ఒక్క ప్రశ్న అడిగే అవకాశం కూడా ఇవ్వలేదు.

మన తెలుగు సూపర్ హీరోలకు ఇందులో పాఠమేంటి?

తెలుగులో ఈ జానర్ ఇప్పుడిప్పుడే ఊపందుకుంటోంది. 2024 జనవరి 12న వచ్చిన ప్రశాంత్ వర్మ ‘హను-మాన్’లో శక్తి హీరో ఇంటి రక్తంలో లేదు. అంజనాద్రి అనే ఊళ్లో చిల్లర దొంగతనాలు చేసుకునే హనుమంతుకు నీటి అడుగున మణి దొరుకుతుంది. అది ఎవరికైనా దొరికి ఉండేది. వాడికి దొరికింది కాబట్టి ఊరి కోసం వాడేం చేస్తాడన్నదే కథ. తేజ సజ్జా పాత్ర జనానికి దగ్గరవడానికి కారణం ఇదే. విలన్ మైఖేల్‌కు సొంతంగా శక్తి లేదు, సూపర్ హీరో కావాలన్న పిచ్చి మాత్రం ఉంది. అదీ కొత్తగా అనిపించింది.

దానికి కొనసాగింపుగా ‘జై హనుమాన్’ను ప్రకటించారు. హనుమంతుడిగా రిషబ్ శెట్టి ఫస్ట్ లుక్ 2024 దీపావళికి వచ్చింది. సీక్వెల్ అనగానే సైజు పెంచాలన్న ఒత్తిడి ఉంటుంది. దేవుడు వచ్చాక ఊరు చిన్నబోతుందా, అంజనాద్రి జనం కథలో ఉంటారా అన్నది చూడాలి. ‘క్రిష్ 3’ చేసిన పొరపాటు సరిగ్గా అక్కడే. మొదటి భాగంలో స్కూలు పిల్లలు, కొండ ఊరు, అమ్మ, ఫ్రెండ్స్ అంతా కలిసి రోహిత్ కథ. మూడో భాగానికొచ్చేసరికి కోటి మంది ఉన్న నగరంలో ముగ్గురే మిగిలారు.

ఫోన్‌లో చూస్తుంటే ఈ నాలుగు సీన్లు మిస్ కావొద్దు

కంపెనీ బస్సులోనో, షిఫ్ట్ దిగి రూమ్‌కొచ్చాకో ముక్కలు ముక్కలుగా చూసేవాళ్లు చాలామంది. రెండున్నర గంటలు కుదరకపోతే ఇవైనా చూడండి.

- విమానం సీన్: మన దగ్గర తీసిన గ్రాఫిక్స్ 2013లో ఏ స్థాయిలో ఉన్నాయో తెలుస్తుంది.
- మొక్క పేలిపోయే సీన్: చిన్నదే. కానీ క్లైమాక్స్ మొత్తం దీని మీదే ఆధారపడి ఉంది.
- రోహిత్‌కు మందు మీద అనుమానం వచ్చే సీన్: సినిమాలో అన్నిటికంటే తెలివైన నిమిషాలు.
- ప్రియ రూపంలో కాయా ఇంట్లో గడిపే సీన్లు: కంగనా, ప్రియాంక ఇద్దరూ ఒకే పాత్రను ఎలా మోశారో గమనించండి.

చిన్నపిల్లలతో చూస్తే ఒక మాట. వైరస్ సోకినవాళ్లు పడిపోయే సీన్లు, మాన్వర్ల రూపాలు కాస్త భయపెట్టొచ్చు. పక్కన కూర్చుని చూడటం మంచిది.

మొత్తంగా చూస్తే..

బలం: విలన్‌కు అర్థమయ్యే వ్యాపారం, తండ్రి–కొడుకుల బంధం, కాయా పాత్ర, మొదట్లో వేసి చివర్లో విప్పిన ముడి.

బలహీనత: అంతా ఒక్క కుటుంబం రక్తంలోనే పెట్టేయడం, అరువు తెచ్చుకున్న రూపాలు, కథను ఆపే పాటలు, చేతులు కట్టేసిన ప్రియ, అన్నిటికంటే ముఖ్యంగా మందుల కథలో మందు చేసేవాళ్లు లేకపోవడం.

‘క్రిష్ 4’ ఏ కథతో వస్తుందో గానీ, మూడో భాగం వేసిన ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. రోగం వచ్చినప్పుడు మందు ఎవరి చేతిలో ఉంటుంది? సినిమా దానికి చెప్పిన జవాబు హీరో రక్తం. పటాన్‌చెరులో తెల్లారి ఆరింటికి షిఫ్ట్ మారే టైమ్‌కు ఏ గేటు దగ్గరైనా నిలబడి చూడండి. టిఫిన్ బాక్సు సంచీ భుజానికి తగిలించుకుని రాత్రి బ్యాచ్ అప్పజెప్పి బయటికొచ్చేవాళ్లు, లోపలికెళ్లేవాళ్లు కనిపిస్తారు. జవాబులో సగం వాళ్ల చేతుల్లో ఉంది. వాళ్లు ఇంటికి క్షేమంగా చేరేలా, వాళ్లు చేసిన మందు మామూలు మనిషికి అందే ధరలో ఉండేలా చూడటం మిగతా సగం.